ఇంగ్లీషు మాట్లాడగలను, ఆఫీసు ఉత్తరం రాయాలంటే చెయ్యి ఆడదు. ఎలా నేర్చుకోవాలి?

కాశీబుగ్గ_కుర్రోడు
నమస్తే అండీ. పలాసలో ఒక జీడి ఫ్యాక్టరీ ఆఫీసులో చేస్తున్నాను. బిల్లులు, జీఎస్టీ, లారీల లెక్క అన్నీ నా మీదే. ఇంటర్ దాకా తెలుగు మీడియం, బీకాం ఇంగ్లీషు మీడియం. మా ఓనరుగారు జీడిపిక్క చేతిలోకి తీసుకుని చూస్తే బస్తాకి పప్పు ఎంత దిగుతుందో చెప్పేస్తారు గానీ, ఇంగ్లీషు మెయిల్ వచ్చిందంటే ఫోను నా వైపు తోసేస్తారు.

చదివితే అర్థమవుతుంది. ముంబై పార్టీతో ఫోన్లో హిందీ, ఇంగ్లీషు కలిపేసి లాక్కొచ్చేస్తాను. రాయమంటే మాత్రం టెన్త్ క్లాసు లీవ్ లెటర్‌లా వస్తుంది. ఇప్పుడు నా నెత్తి మీద మూడున్నాయి. పిక్కలు నాసిగా వచ్చాయని విశాఖ ట్రేడర్‌కి క్లెయిం లెటర్. డబ్బులు ఆపేసిన ఒక కొనుగోలుదారుకి రిమైండర్. వర్కింగ్ క్యాపిటల్ లిమిట్ పెంచమని బ్యాంకుకి రిక్వెస్టు.

శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఒక ఇన్‌స్టిట్యూట్‌లో అడిగితే సెల్ఫ్ ఇంట్రడక్షన్, గ్రూప్ డిస్కషన్ అన్నారు. నాకు ఉద్యోగం ఉంది సార్, ఉత్తరం రాయడమే రావట్లేదు అంటే అది సిలబస్‌లో లేదట. మీరెవరైనా ఎలా నేర్చుకున్నారో చెప్పండి.

మూడు_లాంతర్లు
ఏఐకి ఇచ్చెయ్ బ్రో. తెలుగులో చెప్తే ఇంగ్లీషులో దించేస్తుంది. దీనికి కోచింగ్ ఏటి?

రాజాం_ట్యాక్స్
ఇచ్చెయ్ అనడం తేలికే. ఏం అడగాలో తేల్చుకున్నవాడికి అది బాగానే పనికొస్తుంది. తేల్చుకోనివాడి చేతిలో రెండు పేజీల డొల్ల తయారవుతుంది. కుర్రోడా, ముందు ఆ క్లెయిం లెటర్ ఇక్కడ పెట్టు. పేర్లు తీసేసి, అంకెలు మార్చి పెట్టు.

పైడిభీమవరం_క్యూఏ
తమ్ముడూ, నీ కష్టం ఇంగ్లీషుతో వచ్చింది కాదేమో అనిపిస్తోంది నాకు. నేను ఫార్మాలో క్వాలిటీ అష్యూరెన్స్‌లో చేస్తాను. మా పనిలో సగం రాతే. ఏదైనా అనుకున్నట్టు జరక్కపోతే డీవియేషన్ రిపోర్టు రాయాలి. కొత్తగా చేరిన ఎమ్మెస్సీ పిల్లలు ఇంగ్లీషు చక్కగా రాస్తారు. "అనివార్య కారణాల వల్ల స్వల్ప జాప్యం జరిగినట్లు గమనించడమైనది" అనే అర్థంలో నున్నటి వాక్యం ఒకటి రాసి తెస్తారు. నేను ఎర్ర పెన్నుతో పక్కన ప్రశ్నలు రాస్తాను. ఎంత జాప్యం? గమనించింది ఎవరు? ఏ రియాక్టరు? అప్పుడు టెంపరేచర్ ఎంత ఉంది? ఎవరికి చెప్పారు? ఈ ఐదింటికీ జవాబు దొరికాక ఆ నున్నటి వాక్యం దానంతటదే పోతుంది.

మాకు ఆల్కోవా అని ఒక సూత్రం ఉంది. రాసింది ఎవరో తెలియాలి, చదవగలిగేలా ఉండాలి, పని జరిగినప్పుడే రాయాలి, అసలు రికార్డే అయ్యుండాలి, నిజమై ఉండాలి. అందులో వ్యాకరణం ఊసే లేదు చూడు.

అమెరికా ఎఫ్‌డీఏ (మందుల నియంత్రణ సంస్థ) వాళ్లు తనిఖీకి వచ్చి లోపాలు చూస్తే 483 అనే ఫారం చేతిలో పెట్టి వెళ్తారు. 15 పనిదినాల్లోపు వెళ్లిన జవాబునే వార్నింగ్ లెటర్ సంగతి తేల్చే ముందు చూస్తారు. "ఇకపై తగిన జాగ్రత్తలు తీసుకుంటాము" అని రాస్తే ఆ జవాబుకి విలువ లేదు. ఏం మార్చారు, ఏ తేదీకి పూర్తవుతుంది, ఎవరు చూస్తారు, దానికి రుజువు ఏది? ఇవే చదువుతారు. నీ ట్రేడరూ, నీ బ్యాంకు మేనేజరూ కూడా అంతే.

విశ్రాంత_సూపరింటెండెంట్
నాయనా, నేను విజయనగరంలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా చేరి సూపరింటెండెంట్‌గా దిగాను. మా రోజుల్లో కోచింగు లేదు, డిస్ట్రిక్ట్ ఆఫీస్ మాన్యువల్ ఉండేది. టాటెన్‌హామ్ పద్ధతి అంటారు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలం నాటిది. ఇప్పటి పిల్లలకి నవ్వులాటగా ఉంటుంది గానీ అందులో ఒక సుగుణం ఉంది. ప్రతి కాగితానికీ పైన సబ్జెక్టు, దాని కింద రిఫరెన్సు. ఏ విషయం, ఇంతకు ముందు ఏ ఉత్తరాలు నడిచాయి, ఏ తేదీన. అవి చూస్తే లోపల చదవక ముందే సగం తెలిసిపోతుంది. పేరాలకి నంబర్లు వేసేవాళ్లం. ఎందుకంటే అవతలివాడు "మీ మూడో పేరాకి జవాబు" అని రాయగలగాలి.

ఇంకో ముచ్చట. ఫైలు మూసేటప్పుడే అది ఎంతకాలం బతకాలో రాసేవాళ్లం. ఎల్.డిస్ అంటే ఏడాదిలో చించేయొచ్చు. ఆర్.డిస్ అంటే శాశ్వతం. నేను రాసే ఉత్తరం ఎవరు, ఎన్నేళ్లకి తీసి చదువుతారో అన్న భయం అలా అలవాటైంది. ఇప్పుడు మెయిల్ రాసేవాడికి ఆ భయం లేదు.

కాబట్టి మొదట ఫార్మాట్ నేర్చుకో. తక్కినది వస్తుంది.

మూడు_లాంతర్లు
సార్, ఆ ఆఫీసు ఉత్తరాలు మాకూ వస్తాయి. "పైన ఉదహరించిన విషయమునకు సంబంధించి తమ దృష్టిని ఆహ్వానిస్తూ" అని మొదలై, అసలు ఏం చెయ్యమంటున్నారో చివరి లైన్లో కూడా ఉండదు.

విశ్రాంత_సూపరింటెండెంట్
అది రాసినవాడి తప్పు, పద్ధతిది కాదు. సబ్జెక్టు సరిగా రాస్తే ఆ ఆహ్వానాలు ఉండక్కర్లేదు.

బొబ్బిలి_టీచరమ్మ
చిన్న పక్కదారి. అర్థంకాని సర్కారీ ఇంగ్లీషు మన ఒక్కళ్ల బాధే అనుకోకండి. ఇంగ్లండులోనే జనం గోల పెట్టారు. 1979లో క్రిసీ మేర్ అనే ఆవిడ లండన్ పార్లమెంట్ స్క్వేర్‌లో నిలబడి ప్రభుత్వ ఫారాలు అందరి ముందూ ముక్కలు చేయించింది. ప్లెయిన్ ఇంగ్లీష్ క్యాంపెయిన్ అలా మొదలైంది. మన విజయనగరం జిల్లా ఏర్పడిందీ ఆ ఏడే, జూన్ 1న. అమెరికాలో 2010లో ఏకంగా చట్టమే చేశారు, ప్రభుత్వ సంస్థలు జనానికి అర్థమయ్యేలా రాయాలని. 2023లో ఐఎస్‌ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) వాళ్లు సాదా భాషకి ఒక ప్రమాణం పెట్టారు, 24495 నంబరుతో. అంటే ఇంగ్లీషు పుట్టిన చోట వదిలించుకుంటున్న మాటల్ని మనం ఇక్కడ డబ్బులిచ్చి నేర్చుకుంటున్నాం.

కాశీబుగ్గ_కుర్రోడు
అందరికీ థ్యాంక్స్. క్లెయిం లెటర్ పెడుతున్నాను. ఇక్కడ తెలుగు లిపి రూలు కాబట్టి ఇంగ్లీషు వాక్యాల అర్థం తెలుగులో రాస్తున్నా. వరస మాత్రం నేను రాసిందే.

"రెస్పెక్టెడ్ సర్. మేము మీతో అనేక సంవత్సరములుగా వ్యాపారం చేయుచున్న పేరుపొందిన సంస్థ అని మీకు తెలియనిది కాదు. మీ సంస్థ మీద మాకు అపారమైన గౌరవం కలదు. ఈ మధ్య మీరు పంపిన సరుకు అందినది, అందుకు ధన్యవాదములు. అయితే సరుకు నాణ్యత ఆశించిన స్థాయిలో లేదని తెలియజేయుటకు చింతిస్తున్నాము. పప్పు తక్కువ వచ్చుచున్నది. దీనివల్ల మాకు భారీ నష్టం కలిగినది. కావున దయచేసి ఈ విషయం పరిశీలించి తగు చర్య తీసుకొని మమ్ము ఆదుకొనవలెనని ప్రార్థన. ప్లీజ్ డూ ద నీడ్‌ఫుల్."

అసలు సంగతి: 80 కిలోల బస్తాలు 200, అంటే 16 టన్నులు. కిలో 110 రూపాయలు. బస్తాకి 47 పౌండ్ల పప్పు దిగుతుందని మాట. మా దగ్గర కటింగ్ టెస్ట్ (శాంపిల్ పిక్కలు కోసి పప్పు తూచడం) చేస్తే 44.5 వచ్చింది. మెయిల్‌లో కొటేషన్ ఉంది, దాంట్లో 47 అని రాసుంది. తగ్గితే ఆ దామాషాలో ధర తగ్గిస్తామని కూడా ఉంది.

రాజాం_ట్యాక్స్
అసలు సంగతి అని కింద రాశావే, అదే ఉత్తరం. పైన రాసింది దండకం.

పైడిభీమవరం_క్యూఏ
నవ్వొచ్చింది గానీ రాజాం గారన్నది నిజం. నీ ఉత్తరం అందుకున్న ట్రేడర్ గుమాస్తా ఏం చేస్తాడో ఊహించు. ఏ సరుకు? రోజూ పది లారీలు పంపుతాడు. ఇన్వాయిస్ నంబరు లేదు. ఎంత తగ్గింది? లేదు. ఎంత డబ్బు కావాలి? అస్సలు లేదు. "తగు చర్య" అన్నావు. అతని దృష్టిలో తగు చర్య అంటే "సారీ అండీ" అనడం కూడా కావచ్చు. చెప్పేసి ఫైలు మూసేస్తాడు.

నీకు ఎంత రావాలో లెక్క కట్టావా? 16,000 కిలోలు, 110 చొప్పున 17,60,000. తగ్గింది 47కి 2.5 పౌండ్లు. దామాషాలో 93,617 రూపాయలు. ఈ అంకె ఉత్తరంలో లేకపోతే అది ఎవరి ఊహకి వదిలేస్తున్నావు? బేరం మొదలయ్యేది కాగితం మీద ఉన్న అంకె దగ్గర్నించి. అంకె లేకపోతే వాళ్లు పది వేలతో మొదలుపెడతారు.

రాయడానికి కూర్చునే ముందు తెలుగులోనే ఒక ముక్క రాసుకో. ఇది చదివాక అవతలి మనిషి ఏం చెయ్యాలి? ఇక్కడ జవాబు: ఫలానా ఇన్వాయిస్ మీద 93,617కి క్రెడిట్ నోట్ (బిల్లులో అంత తగ్గించినట్టు రాసిచ్చే కాగితం) ఫలానా తేదీలోపు పంపాలి. అదే ఉత్తరంలో మొదటి వాక్యం. తర్వాత కారణం. తర్వాత రుజువు: కటింగ్ టెస్ట్ రిపోర్టు, శాంపిల్ ఎన్ని బస్తాల్లోంచి తీశారు, ఏ రోజు, ఎవరి ముందు, తేమ ఎంత ఉంది, కిలోకి ఎన్ని పిక్కలు. ఫొటోలు ఉంటే జత చెయ్యి. ఆ పైన ఒక్క ముక్క కూడా వద్దు.

విశ్రాంత_సూపరింటెండెంట్
అమ్మా, నాకు ఒక అభ్యంతరం ఉంది. మొదటి వాక్యంలోనే డబ్బులడిగితే పెద్దమనిషి తరహాగా ఉండదు. ఆ ట్రేడర్ ఎన్ని సీజన్లు అప్పు మీద సరుకిచ్చి ఉంటాడో! మన వైపు వ్యాపారం అంతా ముఖం చూసి నడిచేదే. మర్యాద లేని ఉత్తరం ఒకటి వెళ్తే మళ్లీ పిక్కలు ఎవరిస్తారు?

పైడిభీమవరం_క్యూఏ
మర్యాద వద్దనలేదు మాస్టారూ. నాలుగు లైన్ల పొగడ్త మర్యాద ఎలా అవుతుంది అంటున్నాను. చదివేవాడి టైం తినకుండా ఉండడం కూడా మర్యాదే.

విశ్రాంత_సూపరింటెండెంట్
అది మీ అమెరికా వాళ్లకి. కాశీబుగ్గలో కాదు.

కాశీబుగ్గ_కుర్రోడు
మా ఓనరుగారికి ఈ చర్చ చదివి వినిపించాను. ఆయన సూపరింటెండెంట్ గారి పక్షం. "ముందు నేను ఫోన్ చేసి మాట్లాడతాను, ఆ తర్వాత నువ్వు కాగితం పంపు" అన్నారు.

రాజాం_ట్యాక్స్
మీ ఓనరు మనందరికన్నా తెలివైనవాడు. ఫోన్లో మర్యాద, కాగితం మీద అంకె. ఉత్తరం మొదట్లో "ఈ ఉదయం మన ఫోన్ సంభాషణ తర్వాత" అని ఒక్క ముక్క వెయ్యి. మాస్టారు కోరిన ముఖం చూపు వచ్చేసింది, మేడం అడిగిన డబ్బు ఆ వెంటనే వచ్చేస్తుంది. సబ్జెక్ట్ లైన్లో ఇన్వాయిస్ నంబరు, "అవుట్‌టర్న్ షార్ట్‌ఫాల్" (బస్తాకి దిగే పప్పులో తగ్గుదల), మొత్తం, మూడూ ఉండాలి. ఆర్నెల్ల తర్వాత మెయిల్‌బాక్స్‌లో వెతికితే దొరకాలి కదా.

ఇక నీ రెండోది, రిమైండర్. నేను క్లయింట్లకి ఇవి రాసి పెడుతూనే ఉంటాను కాబట్టి చెప్తున్నా. అందరూ మొదటి రిమైండర్‌లోనే ఏడుస్తారు లేకపోతే బెదిరిస్తారు. రెండూ దండగ. మొదటిసారి బిల్లు అతని టేబుల్ మీద ఎక్కడో తప్పిపోయిందనే అనుకుని రాయి. ఇన్వాయిస్ నంబరు, తేదీ, మొత్తం, గడువు తేదీ, మీ బ్యాంకు వివరాలు మళ్లీ, ఇన్వాయిస్ కాపీ మళ్లీ. "ఏ రోజు జమ చేస్తారో చెప్పగలరు" అని ఒక ప్రశ్న. అంతే. ఎప్పుడిస్తారు అని అడిగితే అవతలివాడు ఒక తేదీ చెప్పాల్సి వస్తుంది. తేదీ చెప్పాడంటే రెండో రిమైండర్ దానంతటదే రాయబడిపోతుంది: మీరు చెప్పిన తేదీ దాటింది.

మూడోసారికి చట్టం. మీ ఫ్యాక్టరీకి ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమలకి కేంద్రం ఇచ్చే నమోదు) ఉందా? సూక్ష్మ లేదా చిన్న పరిశ్రమ అయితే 2006 నాటి ఎంఎస్‌ఎంఈ అభివృద్ధి చట్టం ఉంది. రాతలో ఏ గడువు ఒప్పుకున్నా అది 45 రోజులు దాటకూడదు. గడువు రాసుకోకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకి మూడు రెట్లు వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ లెక్కన. సెక్షన్ 15, 16. ఈ బకాయిల గొడవలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కి వెళ్లొచ్చు. ఇది బెదిరింపు గొంతుతో రాయక్కర్లేదు. ఉద్యమ్ నంబరు వేసి, ఆ సెక్షన్లు చెప్పి, ఈ రోజు వరకు వడ్డీ ఇంత అని లెక్క జత చేస్తే వాళ్ల ఆడిటరే వాళ్లకి చెప్తాడు. ఆ లెక్క కాగితం చేసే పని నాలుగు పేజీల ఆవేశం చెయ్యదు.

చెక్కు ఇచ్చి అది బౌన్స్ అయితే సంగతి వేరు. బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లో నోటీసు వెళ్లాలి, అందుకున్నాక అతనికి కట్టడానికి 15 రోజులు. అది లాయరు చేత రాయించు, సొంత ఇంగ్లీషు ప్రాక్టీసు అక్కడ వద్దు.

మూడు_లాంతర్లు
సరే, నేను కుర్రోడి వివరాలు ఏఐకి ఇచ్చాను. వచ్చిన లెటర్ సారాంశం: "ఈ మెయిల్ మీకు అందేసరికి మీరు క్షేమంగా ఉంటారని ఆశిస్తున్నాను" తో మొదలు. తర్వాత "తీవ్ర నిరాశతో" ఒక పేరా. "ఒప్పందంలోని 7వ క్లాజ్ ప్రకారం" క్లెయిం. "దీర్ఘకాల పరస్పర లాభదాయక భాగస్వామ్యం" తో ముగింపు. ఇంగ్లీషు మాత్రం అదిరింది.

కాశీబుగ్గ_కుర్రోడు
అన్నా, మా దగ్గర 7వ క్లాజ్ లేదు. కొటేషన్ మొత్తం ఐదు లైన్లు.

పైడిభీమవరం_క్యూఏ
అదే నా భయం. లేని క్లాజ్‌ని అంత నమ్మకంగా రాసింది. ఆ లెటర్ వెళ్తే ట్రేడర్ అడిగే మొదటి ప్రశ్న "ఏ 7వ క్లాజ్?" అని. అక్కడితో నీ మిగతా అంకెల మీద కూడా నమ్మకం పోతుంది. వాడొద్దనను. నేను కూడా పొడవైన వాక్యం కుదించడానికి వాడతాను. నువ్వు రాసింది దానికిచ్చి "ఇందులో లేని ఏ విషయమూ చేర్చకు, కుదించు" అని చెప్పు. వచ్చిన దాంట్లో ప్రతి అంకె, ప్రతి తేదీ నీ కాగితాలతో పోల్చు. పార్టీ పేరు, రేటు లాంటివి బయటి టూల్‌లో పెట్టొద్దు. మా దగ్గరైతే బ్యాచ్ వివరాలు పెడితే ఉద్యోగమే పోతుంది.

పొందూరు_నూలు
ఉత్తరాలే అనుకుంటున్నారు గానీ ప్రొడక్టు షీటు రాయడం ఇంకో తలనొప్పి. మాది ఖాదీ. బయటి షాపులకి పంపే కాగితంలో పాతవాళ్లు రాసిందంతా "ప్రపంచ ప్రసిద్ధి", "అద్భుత నాణ్యత", "రాజసం ఉట్టిపడే". బెంగళూరు నుంచి ఒక కొనుగోలుదారు తిరిగి రాసిన ప్రశ్నలు చూస్తే నాకు కళ్లు తెరుచుకున్నాయి. నూలు కౌంటు (సన్నదనం) ఎంత? పన్నా ఎన్ని అంగుళాలు? ఉతికితే ఎంత ముడుచుకుంటుంది? మొదటి ఆర్డరు కనీసం ఎన్ని మీటర్లు? ఎన్ని రోజుల్లో ఇస్తారు?

మేం పెద్దగా పట్టించుకోనిదే వాళ్లకి కావలసింది. దూదిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతాం అని మాట వరసకి రాశాను. పళ్ల దువ్వెనలా ఉంటుంది కదా, గింజ దగ్గర చెత్తా నలకా అంతా దానికే పోతుంది. ఆ ఒక్క లైను మీద ఆవిడ మూడు ప్రశ్నలు అడిగింది. "రాజసం" మీద ఒక్కటీ అడగలేదు. ఇప్పుడు మా షీట్లో విశేషణాలు లేవు. కొండపత్తి, చేప దవడ, చేత్తో వడికిన 100 కౌంటు నూలు, పన్నా, ధర, గడువు. ఫొటో.

రాజాం_ట్యాక్స్
చాలా బాగా చెప్పారు. జీడిపప్పుకీ అదే. "ప్రీమియం క్వాలిటీ" అంటే ఎవడికీ ఏమీ తెలియదు. డబ్ల్యూ 320 అంటే ప్రపంచంలో ఏ కొనుగోలుదారుకైనా తెలుసు, పౌండుకి 300 నుంచి 320 గుండు పప్పులని.

బొబ్బిలి_టీచరమ్మ
గ్రామర్ సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను ఎత్తుతాను. కుర్రోడి అసలు ప్రశ్న ఎలా నేర్చుకోవాలి అని కదా. నేను ఇంగ్లీషు టీచర్ని, అయినా చెప్తున్నాను, ఆర్టికల్స్ దగ్గర ఆగిపోకు బాబూ. ఒక "ద" తగ్గితే ఏ క్లెయిమూ ఆగదు. ఆగేది మూడు చోట్ల.

వాక్యం పొడవు ఒకటి. మనం తెలుగులో "వచ్చి, చూసి, మాట్లాడి, ఒప్పుకుని, తీరా ఇవ్వకపోవడం వల్ల" అని ఎంత దూరమైనా గుక్క తిప్పుకోకుండా వెళ్లగలం, చివరి క్రియ వచ్చి అంతా నిలబెడుతుంది. అదే ఇంగ్లీషులో చేస్తే ఎవరు వచ్చారో, ఎవరు ఇవ్వలేదో తెలియకుండా పోతుంది. సగటున వాక్యానికి 15 నుంచి 20 మాటలు, అంతకు మించకుండా చూసుకో. ప్రతి వాక్యంలో ఎవరు చేశారో ఉండాలి.

తేదీలు, అంకెలు. 03/04 అని రాస్తే మనకి ఏప్రిల్ 3, అమెరికావాడికి మార్చి 4. నెల పేరు అక్షరాల్లో రాసెయ్. విదేశీ పార్టీకి లక్షలు, కోట్లు రాస్తే తలగోక్కుంటాడు, మిలియన్లలో రాయి.

మూడోది, ఒకే వస్తువుకి ఒకే మాట. స్కూల్లో మేమే పాడు చేశాం, ఒకే మాట రెండుసార్లు వాడితే మార్కులు తగ్గించి. ఒకసారి కన్‌సైన్‌మెంట్, ఇంకోసారి లాట్, మరోసారి మెటీరియల్ అంటే చదివేవాడు మూడు వేరువేరు సరుకులు అనుకుంటాడు. అందం పోయినా పర్లేదు, మొదట ఏ మాట వేశావో చివరిదాకా అదే వెయ్యి.

అభ్యాసానికి నేను పిల్లలకి చెప్పేది ఇది. నీకు వచ్చిన మెయిల్స్‌లో వెంటనే అర్థమైనవి ఒక ఫోల్డర్‌లో వేసుకో. తీరికగా ఉన్నప్పుడు ఒకటి తీసి, విషయాలు మాత్రం చీటీ మీద రాసుకుని, ఆ మెయిల్ మూసేసి నువ్వు రాయి. తర్వాత రెండూ పక్కపక్కన పెట్టి చూడు. ఎక్కడ నువ్వు పది మాటలు వాడావో, వాళ్లు నాలుగు వాడారో కనపడుతుంది. అది ఏ ఇన్‌స్టిట్యూట్‌లోనూ చెప్పరు.

విశ్రాంత_సూపరింటెండెంట్
అమ్మా, మీ మూడో మాటకి నా ఓటు. రెవెన్యూలో ఒకే పొలాన్ని రెండు పేర్లతో రాసినందుకు నడిచిన కేసులు నేను చూశాను.

కాశీబుగ్గ_కుర్రోడు
రెండో డ్రాఫ్టు. ఇదీ అర్థం తెలుగులోనే.

సబ్జెక్ట్: ఇన్వాయిస్ నంబరు, అవుట్‌టర్న్ షార్ట్‌ఫాల్, క్రెడిట్ నోట్ రూ. 93,617.

"డియర్ సర్. ఈ ఉదయం మా ఓనరుగారితో మీ ఫోన్ సంభాషణకి కొనసాగింపుగా, పై ఇన్వాయిస్ మీద రూ. 93,617కి క్రెడిట్ నోట్ ఈ నెల 20 లోపు పంపమని కోరుతున్నాము.

1. మీ కొటేషన్‌లో అవుట్‌టర్న్ 80 కిలోల బస్తాకి 47 పౌండ్లు. మా కటింగ్ టెస్ట్‌లో 44.5 పౌండ్లు వచ్చింది.

2. సరుకు దిగిన మర్నాడు, మీ లారీ డ్రైవరు, మా గోడౌన్ ఇన్‌చార్జి ఎదుట 20 బస్తాల నుంచి శాంపిల్ తీశాము. రిపోర్టు, ఫొటోలు జతచేశాము.

3. లెక్క: 17,60,000 ను 47తో భాగించి 2.5తో గుణిస్తే 93,617.

మిగిలిన శాంపిల్‌ని సీలు వేసి ఉంచాము. మీరు ఎప్పుడైనా వచ్చి పరీక్షించవచ్చు."

రాజాం_ట్యాక్స్
భలే! చివరి లైను నీకెవరు చెప్పారు? అది చాలా గట్టిది. ఒక్క మార్పు. "ఎప్పుడైనా" తీసెయ్, "15వ తేదీలోపు" అని పెట్టు. ఎప్పుడైనా అంటే పిక్కలు పురుగు పట్టేదాకా రాడు.

పైడిభీమవరం_క్యూఏ
తేమ శాతం వెయ్యలేదు. అది లేకపోతే "మీ గోడౌన్లో తడిసింది" అంటారు. రిపోర్టులో ఉంటే లెటర్‌లో కూడా ఒక లైను వెయ్యి.

విశ్రాంత_సూపరింటెండెంట్
సంతోషం నాయనా. కింద "విత్ రిగార్డ్స్" ఉంచు, అది కూడా తీసేయమంటారేమో వీళ్లు.

కాశీబుగ్గ_కుర్రోడు
ఉంచుతాను సార్. బ్యాంకుది కూడా ఇలాగే మొదలెట్టాను. లిమిట్ 40 లక్షల నుంచి 60కి. కారణం దగ్గర ఆగిపోయాను. "వ్యాపార విస్తరణ" అని రాస్తే చాలా?

రాజాం_ట్యాక్స్
చాలదు. బ్యాంకులో క్రెడిట్ చూసేవాడికి నీ సైకిల్ చూపించు. మార్చి నుంచి మే దాకా మన తోటల పిక్కలు వస్తాయి, రైతుకి చేతిలో డబ్బు పెట్టాలి. ఆ సరుకు గోడౌన్లో ఉంచి నెలల తరబడి నలగ్గొడతారు. పప్పు అమ్మిన డబ్బు విడతలుగా వస్తుంది. ఏ నెలలో స్టాకు ఎంత, రావలసింది ఎంత, లిమిట్ ఎక్కడ తగలుతోంది, ఒక టేబుల్ వేస్తే చాలు. ఏ నెలకి 60 లోంచి మళ్లీ కిందికి దిగుతుందో కూడా చూపించు. అడిగేవాడు తిరిగి ఎలా కడతాడో చెప్పకపోవడమే ఈ ఉత్తరాల్లో నేను చూసే పెద్ద లోటు. మొదటి పేజీలో ఎంత, ఎందుకు, ఎలా తీరుస్తారు, ఏం హామీ పెడతారు. స్టాకు స్టేట్‌మెంట్లు, జీఎస్టీ రిటర్నులు వెనకాల.

మూడు_లాంతర్లు
ఒప్పుకుంటున్నా, ఏఐ ఈ మార్చి-మే సంగతి రాయలేదు.

కాశీబుగ్గ_కుర్రోడు
అప్‌డేట్. క్లెయిం లెటర్ వెళ్లింది, సాయంత్రానికే జవాబు వచ్చింది. క్రెడిట్ నోట్ గురించి మాట్లాడలేదు. వాళ్ల మనిషి గురువారం వస్తాడట, మా గోడౌన్లో ఇద్దరి ముందు మళ్లీ కటింగ్ టెస్ట్ చేద్దాం అన్నారు. ఆ రోజు ఏం కాగితం రాసుకోవాలి?

పైడిభీమవరం_క్యూఏ
ఒకటే పేజీ. తేదీ, టైము, ఎవరెవరు ఉన్నారు, ఏ బస్తాల్లోంచి తీశారు, సీలు ఎవరు విప్పారు, తేమ, పిక్కల లెక్క, మంచి పప్పు, మచ్చ పప్పు, పుచ్చు బరువులు విడివిడిగా, అవుట్‌టర్న్ ఎంత తేలింది. అభిప్రాయాలు వద్దు. ఖాళీ గడులతో ముందే ప్రింటు తీసి ఉంచుకో, అక్కడికక్కడ పెన్నుతో నింపండి. కొట్టివేత ఉంటే గీత గీసి పక్కన ఇద్దరూ ఇనీషియల్ వెయ్యాలి, వైట్‌నర్ వాడకండి.

విశ్రాంత_సూపరింటెండెంట్
రెండు కాపీలు చెయ్యి. ఆ మనిషి టిఫిన్ చేసి బండెక్కక ముందే సంతకం తీసుకో.

రాజాం_ట్యాక్స్
అతనికి సంతకం చేసే అధికారం ఉందని వాళ్ల ఆఫీసు నుంచి బుధవారమే ఒక లైను మెయిల్ తెప్పించు. గురువారం రాత్రి ఆ పేజీ ఫొటో తీసి అదే మెయిల్ చెయిన్‌లో రిప్లై కింద పెట్టెయ్, కొత్త మెయిల్ మొదలుపెట్టకు.